హనోయ్‌లో సోయకూర, హ్వేలో చద్దన్నం

ప్రయాణాల్లో తిండి గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ భాగం వియత్నాం గురించినవే కావడంతో, ఈ నెల జవాబులన్నీ ఆ దేశానికే కేటాయిస్తున్నాను. అక్కడి పేర్లను నా చెవికి వినిపించినట్టు తెలుగులో రాశాను. ఉత్తర వియత్నాం యాసలో ఆరు స్వరాలున్నాయి, స్వరం మారితే మాటకు అర్థం మారిపోతుంది. కాబట్టి వీటిని చూసి చదివితే అక్కడి దుకాణదారుకు అర్థమవుతుందని హామీ ఇవ్వలేను. వంటకం పేరును వాళ్ళ లిపిలోనే ఫోనులో దాచుకుని చూపించడం మేలు.

ప్రశ్న: మావారు ఉద్యోగ విరమణ చేశాక మేమిద్దరం మొదటిసారి విదేశం వెళ్తున్నాం. ఎనిమిది రోజుల వియత్నాం యాత్ర. టూరు వాళ్ళు దాదాపు ప్రతి పూటా భారతీయ భోజనమే ఏర్పాటు చేశారు. హనోయ్‌లో ఒక మధ్యాహ్నం, హోయ్ ఆన్‌లో ఒక మధ్యాహ్నం మాత్రం మాకు వదిలేశారు. కోడి, చేప, రొయ్య తింటాం. గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టం. అక్కడిదే అయిన మంచి భోజనం ఒక్కటైనా చేసి రావాలని కోరిక. ఏం తినమంటారు? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: రెండు పూటలు తక్కువేమీ కాదండీ. ఎనిమిది రోజులూ ఎదురుపడిన ప్రతిదీ రుచి చూసి వచ్చినవాళ్ళలో చాలామందికి చివరికి ఏ పేరూ గుర్తుండకపోవడం నేను చూశాను. మీరు హనోయ్ పూటకు చా కా, హోయ్ ఆన్ పూటకు కొమ్ గా అని రాసిపెట్టుకోండి.

చా కా అంటే పసుపు పట్టించిన చేప ముక్కలు. ఈ మాట చదివి మీరు పెదవి విరిచినా తప్పు పట్టను. పసుపు రాసిన చేప కోసం కాకినాడ వాళ్ళు హనోయ్ దాకా వెళ్ళాలా అని ఎవరికైనా అనిపిస్తుంది. మంచి దుకాణాల్లో దీనికి వాడేది కా లాంగ్ అనే ఏటిచేప, మన జెల్లకు దగ్గర చుట్టం. ముల్లు తీసిన ముక్కలకు పసుపుతో పాటు దుంపరాష్ట్రం, పులియబెట్టిన అన్నపు గుజ్జు, కాస్త రొయ్యల ముద్ద పట్టించి నానబెట్టి, బొగ్గుల మీద సగం కాల్చి ఉంచుతారు. మిగిలిన వంట మీ బల్ల మీద, మీ కళ్ళ ముందే జరుగుతుంది. చిన్న పొయ్యి తెచ్చి పెట్టి, దాని మీద నూనె మరుగుతున్న బాణలి ఉంచి, అందులో ఆ చేప ముక్కలు జారవిడుస్తారు. ఆ తర్వాత జరిగేదే నన్ను మొదటిసారి ఆశ్చర్యపరిచింది. తెలంగాణలో సోయకూర అని కట్టలు కట్టి అమ్మే ఆకుకూర ఉంటుంది చూడండి, సన్నటి దారాల్లాంటి ఆకులతో, సోంపును తలపించే వాసనతో, అదే కూరను వేలెడు పొడవు ముక్కలుగా కోసి రెండు గుప్పిళ్ళు, ఉల్లికాడలు మరో గుప్పెడు ఆ బాణలిలో కుమ్మరిస్తారు. మన ఇళ్ళలో సోయకూర పప్పులోకో బంగాళాదుంపలోకో పోతుంది గానీ చేప దగ్గరికి రాదు. అక్కడ చేపకు అది తోడు మాత్రమే అనుకుంటే పొరపాటు, సగం కూర అదే. అర నిమిషంలో అది వడలి, పసుపు నూనె పీల్చుకుని, గది అంతా ఆ వాసన కమ్ముకుంటుంది.

తినే పద్ధతి కూడా ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది, ఎందుకంటే అక్కడి వాళ్ళు మీకు ఎదురుగా అరడజను గిన్నెలు పెట్టి వెళ్ళిపోతారు. మీ చిన్న గిన్నెలో ముందుగా కాసిని చల్లటి బియ్యపు సేమ్యా, దాని మీద చేప ముక్క, దానితో పాటు వడలిన సోయకూర, పైన వేయించిన వేరుశనగ పప్పులు, నాలుగు పచ్చి ఆకులు, ఆఖరున ఒక చెంచాడు మామ్ తోమ్. ఈ మామ్ తోమ్ ఊదా రంగులో ఉండే పులియబెట్టిన రొయ్యల ముద్ద. నిమ్మరసం, చక్కెర, మిరపకాయ ముక్కలు వేసి నురగ వచ్చేదాకా గిలకొట్టి ఇస్తారు. వాసన చూస్తే ఎండు చేపల అంగడి గుర్తుకొస్తుంది. సముద్రపు ఒడ్డున పుట్టిన మీకు అది కొత్త కాదు, హైదరాబాదు మిత్రులు మాత్రం ముక్కు మూసుకోవడం చూశాను. మరీ పడకపోతే దాని బదులు చేపల సారంతో చేసిన తేట పులుసు ఇవ్వమంటే ఇస్తారు, సిగ్గుపడనక్కర లేదు.

ఇక ఎక్కడ అన్న సంగతి. హనోయ్ పాత బస్తీని 36 వీధుల పేట అంటారు. ఒకప్పుడు ఏ వీధిలో ఏ సరుకు అమ్మేవారో ఆ సరుకే వీధి పేరు: వెండి వీధి, చక్కెర వీధి, ఇలాగ. వాటిలో రంగుల వీధి అని ఒకటి ఉండేది. ఆ వీధిలో దోవాన్ అనే కుటుంబం పెట్టిన చేప దుకాణం ఎంత పేరు మోసిందంటే, చివరికి వీధి పేరే చా కా వీధిగా మారిపోయింది. 1871 నుంచీ వండుతున్నామని ఆ దుకాణం చెప్పుకుంటుంది. గాలం వేసి కూర్చున్న లా వోంగ్ అనే పాత చైనా కథల జాలరి బొమ్మ అక్కడ ఉండేది కాబట్టి దీన్ని చా కా లా వోంగ్ అంటారు. ఇప్పుడు ఆ పేరు తగిలించుకున్న దుకాణాలు ఊరంతా ఉన్నాయి. అసలుది ఏది అన్న విచారణలో మీ మధ్యాహ్నం వృథా చేసుకోవద్దని నా సలహా. చా కా ఒక్కటే వండే దుకాణం, మీ బల్ల మీద పొయ్యి పెట్టే దుకాణం, ఈ రెండు గుర్తులు సరిపోతే లోపలికి వెళ్ళండి. మనిషికి మన డబ్బుల్లో సుమారు 500 నుంచి 700 రూపాయలు అవుతుంది. అక్కడి లెక్కకు ఇది ఖరీదైన భోజనమే.

హోయ్ ఆన్ సంగతి ఇంత చెప్పనక్కర లేదు. 1999లో యునెస్కో గుర్తింపు పొందిన ఈ పాత రేవు పట్టణానికి చైనా, జపాన్ వర్తకులు వచ్చి స్థిరపడ్డారు. ఊరి పేరుతో ముడిపడిన వంటకం కావ్ లౌ. ఒక ఫలానా పాత బావి నీళ్ళు, ఎదురుగా సముద్రంలో ఉన్న దీవి చెట్ల బూడిద నీరు కలిపితే తప్ప ఆ లావు సేమ్యాకు ఆ పట్టు రాదని ఊరి వాళ్ళు చెబుతారు. కానీ దాని మీద వేసేది పందిమాంసం కాబట్టి మీకు పనికిరాదు. మీకు కొమ్ గా ఉంది. కోడి ఉడికించిన నీళ్ళలో పసుపు వేసి వండిన అన్నం, చేత్తో చీల్చిన కోడిమాంసం, అందులో పచ్చి ఉల్లిపాయ, ఘాటైన ఒక రకం ఆకు, మిరియాల పొడి, నిమ్మరసం. పక్కన పచ్చి బొప్పాయి ఊరగాయ, ఎర్రటి మిరప ముద్ద. ఆ మిరప ముద్దను మావాళ్ళు సీసాల్లో కొని తెచ్చుకున్నారంటే మీకు అర్థమవుతుంది.

ప్రశ్న: ఫోనులో చుక్కల లెక్క చూసి వెళ్ళిన ప్రతి హోటల్లోనూ నాలాంటి విదేశీయులే కూర్చుని ఉంటున్నారు. ఆ ఊరి వాళ్ళు తినే చోటును పరాయి మనిషి ఎలా కనిపెట్టాలి? డిసెంబరులో హ్వే, డా నాంగ్ వెళ్తున్నాను. (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఎక్కడ’ అన్నది కాదండీ, ‘ఎన్ని గంటలకు’ అన్నది. వియత్నాంలో ప్రతి వంటకానికీ ఒక వేళ ఉంది. ఆ వేళ దాటితే ఊరి వాళ్ళు దాన్ని తినరు, వాళ్ళు తినకపోతే మంచి దుకాణం వండదు. మధ్యాహ్నం మూడు గంటలకు కూడా అన్నీ దొరికే చోట కూర్చున్నారంటే అది మీకోసం, నాకోసం తెరిచి ఉంచినదే. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, ఎదురుదెబ్బ తిని నేర్చుకున్నాను.

హ్వే వెళ్తున్నారు కాబట్టి ఆ ఊరి కథే చెబుతాను. 1802 నుంచి 1945 వరకూ ఏలిన న్వియెన్ రాజులకు అది రాజధాని. అందువల్ల టూరు పుస్తకాలు ‘రాజ భోజనం’ అని క్యారెట్‌తో నెమలి చెక్కిన పళ్ళాలను చూపిస్తాయి. వాటి జోలికి పోకండి. హ్వేలో తినవలసింది కొమ్ హెన్. ‘కొమ్’ అంటే అన్నం, ‘హెన్’ అంటే వేలిగోరంత ఉండే మంచినీటి ఆల్చిప్పలు. ఊరి మధ్య పారే సుగంధ నదిలో కోన్ హెన్ అని ఒక చిన్న లంక ఉంది, పేరుకు తగ్గట్టు ఆల్చిప్పల లంక. అక్కడి బెస్తల ఇళ్ళలో పుట్టిన వంటకం ఇది. గిన్నెలో చల్లారిన అన్నం వేస్తారు. వేడన్నం వేయరు, అడిగినా వేయరు. దాని మీద ఉడికించిన ఆల్చిప్పల మాంసం, సన్నగా తరిగిన అరటిపువ్వు, పుల్లటి కరంబోలా (స్టార్ ఫ్రూట్) ముక్కలు, చేమకాడలు, పుదీనా లాంటి ఆకులు, వేయించిన వేరుశనగలు, నువ్వులు, ఒక చెంచా పులిసిన రొయ్యల ముద్ద, దాని మీద నూనెలో వేయించిన మిరప కారం. ఆల్చిప్పలు ఉడికిన నీళ్ళను వేడివేడిగా పక్క గిన్నెలో ఇస్తారు. చద్దన్నంలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని పొలానికి వెళ్ళిన తాతలున్న మనకు ఈ భోజనం వెనక ఉన్న లెక్క వేరే ఎవరూ విప్పి చెప్పనక్కర లేదు. రాత్రి మిగిలిన అన్నం, ఏట్లో ఉచితంగా దొరికే ఆల్చిప్ప, పెరట్లో ఆకులు. కారం విషయంలో హ్వే వాళ్ళు దేశమంతటా పేరు పొందారు. ఉత్తరాది వియత్నామీయులు ఇక్కడికి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, మనకు మాత్రం సొంత ఊరు చేరినట్టు ఉంటుంది.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు కోటంతా తిరిగి, నిదానంగా మధ్యాహ్నం రెండు గంటలకు లంకకు చేరాను. పేవ్‌మెంటు మీద ఒకావిడ గిన్నెలు కడుగుతోంది. నేను ఫోనులో పేరు చూపించగానే ఆవిడ ఏమీ మాట్లాడకుండా ఆల్చిప్పలు ఉంచే అల్యూమినియం గంగాళాన్ని నా వైపు వంచి, ఖాళీ అడుగు చూపించి నవ్వింది. వేళ్ళతో ఆరు చూపించింది. మర్నాడు పొద్దున ఆరున్నరకు వెళితే బడి పిల్లలు, ఆటో మెకానిక్కులు, మార్కెట్ నుంచి వస్తున్న ఆడవాళ్ళు మోకాలెత్తు కూడా లేని ప్లాస్టిక్ పీటల మీద వరసగా కూర్చుని ఉన్నారు. గిన్నె మన డబ్బుల్లో అరవై రూపాయలు కూడా కాలేదు. రెండు తిన్నాను.

పందిమాంసం తినని వాళ్ళు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఆ గిన్నెలో చివరగా పంది కొవ్వు వేపుడు తునకలు కొన్ని చల్లుతారు. ముందే వద్దని చెప్పండి, అన్నీ విడివిడి గిన్నెల్లో ఉంటాయి కాబట్టి మానేయడం వాళ్ళకు కష్టం కాదు.

దుకాణాన్ని గుర్తుపట్టడానికి నాకు పనికొచ్చిన గుర్తు బోర్డు మీద ఒకటి లేదా రెండు పేర్లు మాత్రమే ఉండడం. పుస్తకంలాంటి మెనూ ఉన్నచోట ఏ ఒక్కటీ ఊరించేలా ఉండదు. ధరల పక్కన ‘కె’ అనే ఇంగ్లీషు అక్షరం కనిపిస్తే అది వేలకు గుర్తు. 40 కె అంటే 40 వేల డాంగ్‌లు, అంటే మనకు సుమారు 130 రూపాయలు. ఈ సున్నాలకు మొదటి రోజు గుండె ఆగుతుంది, మూడో రోజుకు అలవాటవుతుంది. ఇక మీ బస చేసిన చోట రిసెప్షన్‌లో కూర్చున్న వాళ్ళను ‘మంచి హోటల్ ఏది’ అని అడగకండి, ‘ఇవాళ పొద్దున మీరు ఏం తిని వచ్చారు’ అని అడగండి. మొదటి ప్రశ్నకు శుభ్రంగా ఏసీ ఉన్న చోటు చెబుతారు, రెండోదానికి నిజం చెబుతారు.

డిసెంబరు అన్నారు కాబట్టి ఒక మాట. ఆ నెలలో హ్వేలో వాన ముసురు ఉంటుంది. గొడుగు మరవకండి.

ప్రశ్న: మా అమ్మగారు పూర్తి శాకాహారి, ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టరు. ఆవిడను వియత్నాం తీసుకెళ్ళడం అంటే పది రోజులూ పులిహోర పొట్లాలు మోసుకెళ్ళడమే అని అందరూ భయపెడుతున్నారు. ఆవిడకు ఆ దేశపు రుచి ఏదీ లేనట్టేనా? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: పొట్లాలు రెండు పూటలకు సరిపడా పట్టుకెళ్ళండి చాలు. వియత్నాంలో బౌద్ధ శాకాహారానికి పెద్ద సంప్రదాయం ఉంది. దాన్ని ‘చయ్’ అంటారు. బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో సీ, హెచ్, ఏ, వై అని కనిపిస్తే మనవాళ్ళు టీ కొట్టు అనుకుని వెళ్ళి కూర్చోవడం కద్దు. కొమ్ చయ్ అంటే శాకాహార భోజనం. మఠాల సంప్రదాయంలో ఉల్లి, వెల్లుల్లి జాతి ఘాటు దుంపలు కూడా నిషిద్ధం. కాబట్టి గుడి ఆవరణలో గానీ, గుడిని ఆనుకుని గానీ ఉన్న చయ్ భోజనశాల మీ అమ్మగారి నియమానికి బాగా దగ్గర. బజారులోని మామూలు చయ్ దుకాణాల్లో ఈ నియమం కొందరు పాటిస్తారు, కొందరు పాటించరు, అడిగి తెలుసుకోవలసిందే.

ఇంతకంటే మంచి సంగతి మరొకటి ఉంది, దానికి మీ ఇంటి గోడ మీద ఉన్న తెలుగు క్యాలెండరే ఆధారం. వియత్నామీయులు చాంద్రమాన నెలలో మొదటి రోజున, పదిహేనో రోజున గుడికి వెళ్ళి మాంసం మానేస్తారు. మన లెక్కలో అమావాస్య ప్రాంతం, పౌర్ణమి ప్రాంతం. ఆ రెండు రోజుల్లో మామూలు దుకాణాలు కూడా కొన్ని చయ్ వండుతాయి. చయ్ దుకాణాల్లో అయితే మన ఏకాదశి నాటి గుడి ప్రసాదాల వరస లాగా జనం నిలబడతారు. ఊరందరితో పాటు, ఊరందరూ తినేది మీ అమ్మగారు కూడా తినగలిగే రోజులు అవి. పౌర్ణమికి ముందు రోజుకు హోయ్ ఆన్ చేరేలా చూసుకోండి. ప్రతి నెలా పద్నాలుగో రాత్రి ఆ పాత ఊళ్ళో కరెంటు దీపాలు తగ్గించి లాంతర్లు వెలిగిస్తారు. మర్నాడు పొద్దున బయలుదేరితే, డా నాంగ్ మీదుగా హాయ్ వాన్ కనుమ దగ్గర కొండలు దాటి, దాదాపు 130 కిలోమీటర్లు ప్రయాణం చేసి మధ్యాహ్న భోజనానికి హ్వే చేరవచ్చు. గుళ్ళకు పేరున్న ఊరు కాబట్టి చయ్ వంటకు కూడా దానికి పేరుంది. తామర గింజలతో, తామరాకులో చుట్టి ఆవిరి మీద వండిన అన్నం ఉందేమో అడగండి. ఆకు విప్పగానే వచ్చే వాసన మీ అమ్మగారికి విస్తరాకును గుర్తు చేయకపోతే నన్ను నిలదీయండి.

ఆ వంటల్లో కోడి, చేప, రొయ్య అని పేర్లు కనిపించి ఆవిడ కంగారుపడవచ్చు. సోయా, పుట్టగొడుగు, గోధుమ పిండి జిగురుతో మాంసం రూపంలో చేసి ఆ పేర్లు పెట్టడం వాళ్ళ అలవాటు. నాకైతే ఈ వేషాలు నచ్చవు, పుట్టగొడుగును పుట్టగొడుగులా తింటేనే రుచి. కానీ నియమభంగం మాత్రం లేదు.

అసలు ప్రమాదం చయ్ దుకాణంలో ఉండదు, మామూలు హోటల్లో ‘కూరగాయలు’ అని రాసి ఉన్నచోట ఉంటుంది. మా శాకాహారి మిత్రుడికి నేనే ఒకసారి ధైర్యం చెప్పి తూటికూర వేపుడు తెప్పించాను. మన చెరువుల్లో పెరిగే తూటికూరే అక్కడ ప్రతి ఇంట్లో రోజువారీ కూర. పచ్చగా, వేడిగా, చూడముచ్చటగా వచ్చింది. సగం తిన్నాక అందులో నూక్ మామ్ ఉందని తెలిసింది. ఇది చేపల సారం. సన్న చేపల్లో ఉప్పు కలిపి చెక్క పీపాల్లో ఏడాది పాటు ఊరబెట్టి తీస్తారు. ఫూ క్వోక్ దీవిలో చేసే రకానికి 2012లో ఐరోపా సంఘం వారి ప్రాంతీయ గుర్తింపు రక్షణ కూడా దక్కింది. అక్కడి వంటవాళ్ళ దృష్టిలో అది మనకు ఉప్పు లాంటిది. చేప వేశారా అని అడిగితే లేదనే చెబుతారు, అందులో మోసం లేదు. మిత్రుడు ఆ తర్వాత రెండు రోజులు అరటిపళ్ళ మీద గడిపాడు, నాతో మాట్లాడలేదు. అందుకే ‘మాంసం వద్దు’ అని చెప్పకండి. ‘చయ్ తింటాను’ అని చెప్పి, ‘నూక్ మామ్ వద్దు’ అని విడిగా రాయించుకున్న చీటీ చూపించండి.

ప్రశ్న: హనోయ్‌లో పేరు మోసిన ఫో (వేడి రసంలో వేసిన బియ్యపు సేమ్యా) దుకాణంలో గంట సేపు వరసలో నిలబడి తిన్నాం. ఉప్పు లేదు, కారం లేదు, ఉడికించిన నీళ్ళలో సేమ్యా వేసినట్టుంది. లోకమంతా దీన్ని ఎందుకు పొగుడుతోందో అర్థం కాలేదు. మేం బీఫ్ తినం కాబట్టి చికెన్‌ది తిన్నాం. (ఒక పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: బల్ల మీద నిమ్మచెక్కలు, తరిగిన మిరపకాయలు, వెల్లుల్లి వేసిన వెనిగర్, చేపల సారం సీసా ఉండి ఉంటాయి. వాటిని మీరు ముట్టుకున్నారా? మన ఇంటికి వచ్చిన విదేశీ అతిథి పప్పన్నం మాత్రమే తిని, నెయ్యి, ఆవకాయ, అప్పడం పక్కన పెట్టి, ‘చప్పగా ఉంది’ అంటే మనకు ఎలా ఉంటుందో మీ ఉత్తరం చదివితే ఆ దుకాణదారుకు అలా ఉంటుంది. అక్కడి పద్ధతిలో ముందు ఒక చెంచాడు ఉత్త రసం తాగి రుచి చూసుకోవాలి, ఆ తర్వాత తమ నాలుకకు తగ్గట్టు వాటిని కలుపుకోవాలి. కాల్చిన అల్లం, కాల్చిన ఉల్లిపాయ, అనాసపువ్వు, దాల్చినచెక్క, నల్ల ఏలకులతో గంటల తరబడి కాచిన రసం అది, మన బిర్యానీ దినుసుల్లో సగం అందులో ఉన్నాయి. ఘాటు నాలుక మీద కాక ముక్కుకు తెలిసేలా కాచడం ఉత్తరాది వాళ్ళ గొప్ప. దక్షిణాన సైగాన్‌లో ఇదే ఫోకు తీపి, ఆకులు, మసాలా ఎక్కువ వేస్తారు. మీకు అది నచ్చేదేమో.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ ప్రసిద్ధ దుకాణాల్లో చాలావరకు ఎద్దు ఎముకల రసానికే పేరు పొందినవి. కోడితో చేసిన ఫో అడిగినవారికి అడిగినట్టు అందిస్తారే గానీ అది వాళ్ళ చేయి తిరిగిన వంటకం కాదు, పైగా రసం ఒకే గంగాళం నుంచి వచ్చే అవకాశం ఉంది. మీ నియమానికీ, మీ నాలుకకూ మేలు కలగాలంటే ‘ఫో గా’, అంటే కోడి ఫో, ఒక్కటే వండే దుకాణానికి వెళ్ళాలి. అద్దాల పెట్టెలో పసుపు పచ్చని చర్మంతో ఉడికించిన కోళ్ళు వేలాడుతుంటాయి, దూరం నుంచే కనిపిస్తాయి. 1930ల చివర్లో వారానికి రెండు రోజులు బజారులో గొడ్డుమాంసం అమ్మకపోవడంతో కోడి ఫో పుట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ నాటి పెద్దలు దాన్ని ఫో అని పిలవడానికే ఒప్పుకోలేదట. ఇప్పుడు దాని అభిమానులు దానికున్నారు, వాళ్ళలో నేనొకణ్ణి.

ప్రశ్న: వీధి పక్కన తింటే కడుపు పాడవదా? వయసు 61. మోకాళ్ళు కూడా అంతంత మాత్రం. (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: పొగలు కక్కే రసం, కళ్ళ ముందు పెనం మీద కాలినది, జనం ఆగకుండా వస్తున్న చోట వడ్డించినది తింటే భయం తక్కువ. పచ్చి ఆకులే కాస్త అనుమానం. మొదటి రెండు రోజులు వాటిని వేడి రసంలో ముంచి తినండి. కుళాయి నీళ్ళు తాగకండి. ఐసు మధ్యలో బోలుగా గొట్టంలా ఉంటే కర్మాగారంలో తయారైనది. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు సంచిలో ఉండాలి.

మోకాళ్ళ మాట నిజంగా ఆలోచించవలసింది. ఆ పీటల మీద కూర్చోవడం సులువే, లేవడమే కష్టం. రెండు పీటలు ఒకదాని మీద ఒకటి వేసి ఇమ్మని సైగ చేస్తే నవ్వుతూ వేసి ఇస్తారు. ముసలివాళ్ళ పట్ల అక్కడ మర్యాద ఎక్కువ. మీరు సైగాన్ కూడా వెళ్తుంటే పీటలకు బదులు కుర్చీలుండే కొమ్ తామ్ హోటళ్ళు చాలా ఉన్నాయి. తామ్ అంటే నూకలు. మిల్లులో విరిగిన నూకలను ఒకప్పుడు మెకాంగ్ డెల్టాలో పేదలు వండుకునేవారు, ఇప్పుడు ఆ నూకలన్నమే ఆ మహానగరపు గొప్ప. మామూలుగా కాల్చిన పందిమాంసంతో పెడతారు, కాల్చిన కోడితో కూడా దొరుకుతుంది.

ప్రశ్న: పోయినేడు హనోయ్‌లో చా కా తిన్నప్పటి నుంచీ మా పాప ఇంట్లో చేయమని గొడవ. మన దగ్గర దొరికే వాటితో కుదురుతుందా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: గోదావరి ఒడ్డున ఉండి ఈ ప్రశ్న అడుగుతున్నారు! కొరమీను తీసుకోండి, హనోయ్‌లో కూడా కా లాంగ్ దొరకనప్పుడు కొరమీను జాతి చేపనే వాడతారు. ముల్లు తీయించి, రెండు వేళ్ళ వెడల్పు ముక్కలు కోయించి, తడి లేకుండా గుడ్డతో అద్దండి. అర కిలోకు ఒక చెంచా పసుపు, దంచిన అల్లం, పుల్లటి పెరుగు రెండు చెంచాలు, ఉప్పు, కొద్దిగా మిరియాల పొడి పట్టించి గంట సేపు ఉంచండి. దుంపరాష్ట్రం ఆయుర్వేద దినుసుల కొట్టులో ఎండు ముక్కలుగా దొరికితే చిటికెడు పొడి చేసి కలపండి, దాని వాసనకు అల్లం పూర్తి బదులు కాదు. పెరుగు అక్కడి పులిసిన అన్నపు గుజ్జుకు ప్రత్యామ్నాయం. మీ ఇంట్లో తరవాణి అలవాటుంటే దాని అడుగున దిగే చిక్కటి గుజ్జు ఇంకా బాగుంటుంది. ముక్కల్ని ముందు పెనం మీద రెండు వైపులా కాల్చి పక్కన పెట్టుకోండి.

సోయకూర రాజమహేంద్రవరం రైతు బజారులో ప్రతి రోజూ కనిపించకపోవచ్చు, ముందు రోజే కూరల ఆవిడకు చెప్పి తెప్పించుకోండి. కొత్తిమీరతో చేస్తే అది మంచి చేప వేపుడు అవుతుంది, చా కా కాదు. రెండు పెద్ద కట్టలు కావాలి; కడిగి ఆరబెట్టి, వేలెడు పొడవు ముక్కలు కోయండి. మామ్ తోమ్ దొరకని చోట నిమ్మరసం, చక్కెర, దంచిన వెల్లుల్లి, పచ్చిమిరప ముక్కలు, చేపల సారం కలిపిన పులుసు చాలు. ఆ సారం సీసా ఇప్పుడు పెద్ద ఊళ్ళ సూపర్ మార్కెట్లలో దొరుకుతోంది. సన్న బియ్యపు సేమ్యా ఉడికించి చల్లార్చండి, వేరుశనగలు వేయించి పొట్టు తీసి పెట్టుకోండి.

వంట గదిలో పూర్తి చేసి తేవద్దు. చిన్న స్టవ్వు బల్ల మీదే పెట్టి, బాణలిలో నూనె ధారాళంగా పోసి, చేప వేడెక్కాక సోయకూర, ఉల్లికాడలు ఒకేసారి వేసి, ఇరవై లెక్కపెట్టే లోపు మంట తగ్గించండి. ఆకు రంగు ముదరకుండా వడలాలి. మొదటి గిన్నె పాపకు వడ్డించేసి, రెండో విడత ఆకు మళ్ళీ బాణలిలో వేసుకోండి.